ఇంటిపేరు ముందు: పెద్ద సి కోడ్‌లో ఫంక్షన్ల నామకరణం

(డెన్నిస్ రిచీ స్మృతికి అంకితమిచ్చిన ఉపన్యాసం, ముద్రిత పాఠం)



డెన్నిస్ రిచీ 2011 అక్టోబరులో కన్నుమూశారు. అదే నెలలో, ఆయనకన్నా కొద్ది రోజుల ముందు స్టీవ్ జాబ్స్ పోయారు. జాబ్స్ వార్త ఊరూరా చేరింది. ఆయన అమ్మిన ఫోన్ లోపలి కెర్నెల్‌లో సింహభాగం ఏ భాషలో ఉందో, ఆ భాషను తయారుచేసినాయన పోయిన సంగతి మాత్రం ప్రోగ్రామర్లను దాటి పెద్దగా బయటికి రాలేదు. బ్రయన్ కెర్నిహన్‌తో కలిసి 1978లో ఆయన వేసిన సన్నపాటి సి పుస్తకం ఇప్పటికీ ఇంజినీరింగ్ కాలేజీల లైబ్రరీల్లో అట్టలు నలిగి కనిపిస్తుంది. పుస్తకం ఎంత సన్ననో భాష కూడా అంతే పొదుపు.

ఆ పొదుపు వల్ల వచ్చిన ఒక చిక్కు, దాన్ని ప్రోగ్రామర్లు ఎలా నెట్టుకొస్తున్నారన్న సంగతి ఈ ఉపన్యాసానికి విషయం. సి ప్లస్ ప్లస్‌లో నేమ్‌స్పేస్‌లున్నాయి, జావాలో ప్యాకేజీలున్నాయి, పైథాన్‌లో మాడ్యూళ్ళున్నాయి. సిలో అలాంటి ఏర్పాటేదీ లేదు. ఫంక్షన్ ముందు ‘స్టాటిక్’ అని రాస్తే అది తన ఫైలు దాటి కనబడదు. రాయకపోతే ప్రోగ్రాం మొత్తానికీ కనబడుతుంది. ఈ రెంటికీ నడుమ మరో అంచె లేదు. రెండు ఫైళ్ళలో ఒకే పేరుతో రెండు బహిరంగ ఫంక్షన్లుంటే లింకర్ అక్కడికక్కడే ఆగిపోతుంది. రెండు వందల వరుసల కాలేజీ ల్యాబ్ ప్రోగ్రాంలో ఇది ఎవరికీ తట్టదు. లక్షల ఫంక్షన్లున్న చోట ప్రతి కొత్త పేరూ అప్పటికే ఉన్న పేర్లన్నిటితో సర్దుకుని నిలబడాలి.

పాత పేర్లు ఎందుకంత పొట్టిగా ఉంటాయో ముందు చూడాలి. 1989లో అమెరికాలో ఖాయమైన సి ప్రమాణం, ఒక ఫైలు నుంచి మరో ఫైలుకు కనబడే పేరులో మొదటి 6 అక్షరాలకే పూచీ పడింది. ఏడో అక్షరంలో తేడా ఉన్నా, క్యాపిటల్, స్మాల్ అక్షరాల తేడా ఉన్నా లింకర్ పట్టించుకోకపోవచ్చు. అప్పటికి వాడుకలో ఉన్న కొన్ని యంత్రాల లింకర్ల శక్తి అంతే. ప్రింట్‌ఎఫ్, మాలక్, స్టర్‌కాపీ, స్టర్‌లెన్, గెట్‌ఎన్వ్, ఎట్‌ఎగ్జిట్ అన్న పేర్లను కోడ్‌లో రాసినట్టు ఇంగ్లిషు అక్షరాల్లో లెక్కపెడితే అన్నీ సరిగ్గా ఆరే. 1999 ప్రమాణం ఈ హద్దును 31కి పెంచింది. (పేర్లన్నీ ఇక్కడ పలికే తీరులో తెలుగు అక్షరాల్లో ఉన్నాయి, మధ్యలో కనిపించే అడుగు గీత కోడ్‌లో ఉన్నదే.)

అన్ని కుదింపులకూ లింకర్ మీద నెపం వేయడం కుదరదు. యూనిక్స్‌లో కొత్త ఫైలు తెరిచే కాల్ పేరు ‘క్రియేట్’; దాని స్పెల్లింగులో చివరి ‘ఈ’ లేదు. ఆ అక్షరం చేర్చినా ఆరు దాటదు. యూనిక్స్‌ను మళ్ళీ మొదటి నుంచి చేస్తే ఏం మారుస్తారని అడిగితే ఆ ‘ఈ’ చేరుస్తానని కెన్ థాంప్సన్ అన్నారని ప్రతీతి. యాభై ఏళ్ళు దాటినా ఆ అక్షరం చేరలేదు. ఎందుకు చేరదో తర్వాత తెలుస్తుంది.

ఉదాహరణలకు లైనక్స్ కెర్నెల్‌ను మించింది లేదు. 1991 సెప్టెంబరులో హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ బయటపెట్టిన 0.01 రూపం సుమారు 10 వేల వరుసలు. 2025 నాటికి కెర్నెల్ 4 కోట్ల వరుసల దగ్గరికి చేరింది. ఇంత కోడ్‌ను ఒక్కరు చదవలేరు, గుర్తుపెట్టుకోవడం అసలే కుదరదు. కొత్తగా చేరినవాడికి చేతిలో ఉండేది గ్రెప్ కమాండు, కళ్ళ ముందు ఉండేవి పేర్లు. కెర్నెల్‌తో పాటే వచ్చే కోడింగ్ స్టైల్ పత్రంలో నామకరణానికి ఒక అధ్యాయమే ఉంది. ఫంక్షన్ లోపలి చిన్న చరరాశికి ‘ఐ’ అనో ‘టెంప్’ అనో పెడితే చాలని, బయటికి కనబడే ఫంక్షన్‌కు మాత్రం అర్థమయ్యే పూర్తి పేరు కావాలని అది చెబుతుంది. చురుగ్గా ఉన్న వాడుకరులను లెక్కించే ఫంక్షన్‌ను ‘కౌంట్_యాక్టివ్_యూజర్స్’ అనాలి తప్ప అచ్చులు పీకేసి ‘సీఎన్‌టీయూఎస్‌ఆర్’ అనకూడదన్నది అందులోని ఉదాహరణే. ఆరక్షరాల కాలం ముగిసిందన్న ప్రకటన అది.

పేరు పూర్తిగా ఉంటే సరిపోదు, ముందు ఇంటిపేరు ఉండాలి. పీసీఐ బస్సు ఫంక్షన్లు ‘పీసీఐ_’తో, యూఎస్‌బీవి ‘యూఎస్‌బీ_’తో, నెట్‌వర్క్ ప్యాకెట్లను మోసే బఫర్‌వి ‘ఎస్‌కేబీ_’తో మొదలవుతాయి. తెలుగువాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. ఏ వంశమో చెప్పాకే మనిషి పేరు రావడం ఇక్కడి అలవాటే. హంగరీ వాళ్ళదీ ఇదే పద్ధతి. ప్రోగ్రామింగ్ చరిత్రలో హంగేరియన్ నొటేషన్ అన్న మాట పుట్టడానికి అదొక కారణం. బుడాపెస్ట్‌లో పుట్టి, జెరాక్స్ పార్క్‌లో పనిచేసి, 1981లో మైక్రోసాఫ్ట్‌లో చేరిన ఛార్లెస్ సిమోన్యీ చరరాశి పేరు ముందు దాని జాతిని సూచించే అక్షరాలు తగిలించే పద్ధతి పెట్టారు. సిమోన్యీ ఉద్దేశంలో ఆ అక్షరాలు చెప్పాల్సింది విలువ దేనికి సంబంధించినదో: అడ్డు వరుసా, నిలువు వరుసా అని. విండోస్ వైపు చేరేసరికి అది డేటా టైపును చెప్పే సంకేతంగా మారింది. 16 బిట్ల విండోస్‌లో సందేశంతో వచ్చే ఒక పారామీటర్ ‘డబ్ల్యూపారమ్’. డబ్ల్యూ అంటే వర్డ్, 16 బిట్లు. తర్వాత అది 32 బిట్లయింది, 64 అయింది. పేరులో డబ్ల్యూ అలాగే ఉండిపోయింది.

లైనక్స్ పత్రం ఈ పద్ధతిని ఘాటుగానే తోసిపుచ్చింది. టైపు ఏమిటో కంపైలర్‌కు తెలుసు, తప్పయితే అదే అరుస్తుంది. పేరులో మళ్ళీ ఎందుకన్నది వాదం. వాదం సబబే. అయితే అదే కెర్నెల్ పేర్లను నాలుగు వరుసగా చదివితే ఒక తమాషా కనబడుతుంది. టైపులు రాయడం మానేసిన వాళ్ళే పేర్ల ముందూ వెనకా వేరే సంకేతాలు బోలెడు తగిలించారు. ‘స్పిన్_లాక్_ఐఆర్‌క్యూసేవ్’ అంటే తాళం వేయడమే కాక ఆ ప్రాసెసర్ మీద ఇంటరప్టులను ఆపి, పాత స్థితిని దాచి ఉంచడం. ‘మ్యూటెక్స్_లాక్_ఇంటరప్టిబుల్’ అంటే తాళం కోసం నిద్రపోతున్నప్పుడు సిగ్నల్ వస్తే తాళం దొరక్కుండానే తిరిగి రావచ్చు, తిరిగొచ్చిన విలువ చూసుకోవాలి. జాబితా ఫంక్షన్ చివర ‘_ఆర్‌సీయూ’ ఉంటే అవతల ఎవరో అదే సమయంలో తాళం లేకుండా చదువుతుండవచ్చు. పేరుకు ముందు రెండు అడుగు గీతలుంటే ఇది లోపలి మనిషి, తాళం వేయడం లాంటి ముందు జాగ్రత్తలు పిలిచేవాడే చూసుకోవాలని తరచుగా అర్థం.

ఇవన్నీ కంపైలర్‌కు తెలియనివి. తాళం ఎవరి చేతిలో ఉంది, ఇక్కడ నిద్రపోవచ్చా, ఈ పాయింటర్‌ను చివరికి ఎవరు వదిలేయాలి అన్న ప్రశ్నలు సి భాషకు పట్టవు. టైపు వ్యవస్థ మోయలేని బాధ్యతను పేరు మోస్తోంది. కెర్నెల్ నామకరణాన్ని అభిరుచికో అందానికో సంబంధించిన సంగతిగా చూసేవారు ఈ పాయింటు దగ్గరే పొరబడతారని ఈ వక్త అభిప్రాయం. అక్కడ పేరు ఒక ఒప్పందం. వికారమైన పేరు పెట్టినా నష్టం లేదు. కుటుంబం వాడుకకు విరుద్ధంగా నడిచే పేరు పెడితేనే ప్రమాదం.

ఒప్పందాల్లో ముఖ్యమైనది తిరిగి ఇచ్చే విలువ గురించి. కోడింగ్ స్టైల్ పత్రంలో దీనికి విడిగా ఒక అధ్యాయం ఉంది. పేరు ఒక ఆజ్ఞలా, పనిలా ఉంటే ఆ ఫంక్షన్ జయమైతే సున్న, విఫలమైతే మైనస్ గుర్తుతో ఎర్రర్ సంఖ్య ఇవ్వాలి. పేరు ప్రశ్నలా ఉంటే అవునంటే 1, కాదంటే 0 ఇవ్వాలి. ‘యాడ్_వర్క్’ పని, కుదిరితే 0, ఖాళీ లేకపోతే మైనస్ ఈబిజీ. ‘పీసీఐ_డెవ్_ప్రెజెంట్’ ప్రశ్న, పరికరం ఉంటే 1. ఒకదానిలో సున్న అంటే విజయం, మరోదానిలో సున్న అంటే లేదు. రెండూ ఇంటిజర్లే కాబట్టి తారుమారు చేసినా కంపైలర్ కిమ్మనదు. పేరు చదివి గ్రహించాల్సిందే.

అంత చక్కని నియమానికి కెర్నెల్‌లో అందరూ రోజూ పిలిచే ఫంక్షనే ఎదురు తిరుగుతుంది. యూజర్ ప్రోగ్రాం నుంచి డేటాను కెర్నెల్‌లోకి తెచ్చేది ‘కాపీ_ఫ్రమ్_యూజర్’, అటు పంపేది ‘కాపీ_టు_యూజర్’. పేరు ఆజ్ఞలాగే ఉంది. జయమైతే సున్నే. విఫలమైతే మాత్రం మైనస్ ఎర్రర్ రాదు. కాపీ కాకుండా మిగిలిపోయిన బైట్లు ఎన్నో ఆ సంఖ్య వస్తుంది, అదీ ప్లస్‌లో. కొత్త డ్రైవర్ రచయిత ఆ విలువను ఉన్నదున్నట్టు పైకి పంపేస్తాడు. పైనున్న ప్రోగ్రాంకు ప్లస్ సంఖ్య విజయంలా కనిపిస్తుంది. సరైన పద్ధతి, విలువ సున్న కాకపోతే మైనస్ ఈఫాల్ట్ ఇవ్వడం. ఈ తప్పును దిద్దిన ప్యాచ్‌లు కెర్నెల్ చరిత్రలో మళ్ళీ మళ్ళీ కనబడతాయి. ఎన్ని బైట్లు మిగిలాయో తెలియడం అవసరమైన చోట్లు కొన్ని నిజంగానే ఉన్నాయి. కానీ ఆ కొన్ని చోట్ల కోసం అందరి అలవాటునూ తప్పించారు.

తర్వాతి పెద్ద కుటుంబం ‘గెట్’, ‘పుట్’ జంట. కెర్నెల్‌లో ఒక వస్తువును ఎందరు పట్టుకుని ఉన్నారో లెక్క ఉంటుంది. ‘గెట్_డివైస్’ ఆ లెక్కను ఒకటి పెంచుతుంది, ‘పుట్_డివైస్’ ఒకటి తగ్గిస్తుంది, సున్నకు చేరితే వస్తువు పోతుంది. ఫైళ్ళ వ్యవస్థలో ‘డీగెట్’, ‘డీపుట్’. ‘గెట్’ కనబడితే ‘పుట్’ ఎక్కడుందని కన్ను దానంతటదే వెతుకుతుంది. సమీక్షకుడికి ఆ జంట ఎంతో సాయం.

ఇక్కడే డివైస్ ట్రీ ఫంక్షన్ల కథ చెప్పాలి. ఇవి ‘ఓఎఫ్_’ అన్న ఇంటిపేరుతో మొదలవుతాయి. ఆ రెండక్షరాలు ఓపెన్ ఫర్మ్‌వేర్‌వి. సన్ స్పార్క్ యంత్రాల్లో, పవర్‌పీసీ మ్యాక్‌లలో ఉండేది అది. ఇవాళ్టి ఆర్మ్ బోర్డు మీద ఓపెన్ ఫర్మ్‌వేర్ జాడే లేకపోయినా హార్డ్‌వేర్ వివరాల చెట్టును చదివే ఫంక్షన్లన్నీ అదే ఇంటిపేరుతో తిరుగుతున్నాయి. అది చరిత్ర, అంత హాని లేదు. హాని పేరు రెండో సగంలో ఉంది. ‘ఓఎఫ్_ఫైండ్_నోడ్_బై_నేమ్’ అంటే చెట్టులో పేరును బట్టి ఒక నోడ్‌ను వెతికి పెట్టేది. వెతకడం అంటే చూసి రావడమేనని ఎవరైనా అనుకుంటారు. ఈ ఫంక్షన్ దొరికిన నోడ్ లెక్కను ఒకటి పెంచి ఇస్తుంది. పని అయ్యాక ‘ఓఎఫ్_నోడ్_పుట్’ పిలవాలి. పేరులో ‘గెట్’ లేదు కాబట్టి ‘పుట్’ గుర్తుకు రాదు. అక్కడితో ఆగలేదు. ఎక్కడి నుంచి వెతకాలో చెప్పడానికి పిలిచేవాడు ఒక నోడ్‌ను ఇస్తాడు కదా, దాని లెక్కను ఈ ఫంక్షన్ లోలోపల ఒకటి తగ్గించేస్తుంది. వెతికినదాన్నే మళ్ళీ ఇచ్చి తర్వాతిదాన్ని వెతికే లూపులకు అది వాటం. ఒక్కసారి వెతికి ఊరుకునేవాడికి మాత్రం తన చేతిలోని నోడ్ తనకు తెలియకుండా జారిపోయినట్టే. ఒక చోట లెక్క దిగదు, మరో చోట రెండుసార్లు దిగుతుంది. ‘ఫైండ్’ అన్న ఒక్క మాట వెనక ఈ రెండు తప్పులూ ఏళ్ళ తరబడి పుట్టుకొస్తూనే ఉన్నాయి.

నెట్‌వర్క్ వాళ్ళ ‘ఎస్‌కేబీ_పుట్’ దీనికి భిన్నమైన ముచ్చట. ‘ఎస్‌కేబీ_గెట్’ ప్యాకెట్ బఫర్ లెక్కను పెంచుతుంది, కుటుంబం పద్ధతి ప్రకారమే. మరి ‘ఎస్‌కేబీ_పుట్’? అది లెక్కను తగ్గించదు. బఫర్ తోక వైపు చోటును పెంచి అక్కడ డేటా పెట్టుకోమంటుంది. తల వైపు చేర్చడానికి ‘ఎస్‌కేబీ_పుష్’, తీయడానికి ‘ఎస్‌కేబీ_పుల్’. పుట్, పుష్, పుల్ అన్న మూడూ వాళ్ళలో వాళ్ళకు పొందికైన వరసే. ప్యాకెట్‌ను వదిలేయాలంటే రెండు పేర్లున్నాయి: పని సవ్యంగా ముగిస్తే ‘కన్స్యూమ్_ఎస్‌కేబీ’, మధ్యలో పారేస్తే ‘కేఫ్రీ_ఎస్‌కేబీ’. రెండూ మెమరీని విడుదల చేసేవే. పేర్లు వేరు కావడం వల్ల ప్యాకెట్లు ఎక్కడ పోతున్నాయో గాలించే పరికరానికి, ఏది నష్టమో ఏది మామూలు ముగింపో తెలుస్తుంది. పేరు మనుషులతోనే కాక పరికరాలతో కూడా మాట్లాడిన చక్కని ఉదాహరణ ఇది.

పరికరాల మాట వచ్చింది కాబట్టి స్టాటిక్ ఫంక్షన్ల సంగతి కూడా. ఫైలు దాటి కనబడని వాటికి ఇంటిపేరు అక్కరలేదని భాష అంటుంది. కెర్నెల్ కుప్పకూలిన రాత్రి పరిస్థితి వేరు. తెర మీద వచ్చే కాల్ ట్రేస్‌లో ఫంక్షన్ల పేర్లుంటాయి, ఏ ఫైలువో ఉండదు. ట్రేస్ మధ్యలో ‘ప్రోబ్’ అనో ‘ఇనిట్’ అనో కనబడితే, అది ఏ డ్రైవర్‌దో తేల్చడానికే చాలా సమయం పట్టవచ్చు. నడుస్తున్న కెర్నెల్‌కు ప్యాచ్ వేసే లైవ్‌ప్యాచ్ వ్యవస్థలో ఒకే పేరున్న స్టాటిక్ ఫంక్షన్లలో ఎన్నోదో చెప్పడానికి విడిగా ఒక సంఖ్య ఇవ్వాల్సి వచ్చింది. హైదరాబాదులో, బెంగళూరులో చిప్ కంపెనీల డ్రైవర్లు రాసే తెలుగు ఇంజినీర్లకు మెయింటెయినర్ల నుంచి ‘ఫంక్షన్లకు డ్రైవర్ పేరు ముందు పెట్టండి’ అన్న జవాబు ఎందుకొస్తుందో ఈ ట్రేస్ ఒక్కసారి చదివితే అర్థమవుతుంది.

ఇతర పెద్ద సి ప్రాజెక్టులూ ఇదే చిక్కును తలా ఒక రకంగా విప్పుకున్నాయి. కర్ల్‌లో బయటివాళ్ళు పిలిచేవి చిన్న ‘సీ’తో, లోపలివి క్యాపిటల్ ‘సీ’తో మొదలవుతాయి. ఎస్‌క్యూలైట్ తన పేర్లలోనే 3 అంకె పెట్టుకుంది, పాత 2వ రూపంతో ఒకే ప్రోగ్రాంలో కలిసి బతకడానికి. గిట్‌లో కొన్ని ఫంక్షన్ల చివర ‘_జెంట్లీ’ ఉంటుంది: మామూలు రూపం రిపాజిటరీ దొరక్కపోతే ప్రోగ్రాంనే ముగించేస్తుంది, ఈ మెత్తని రూపం చెప్పి ఊరుకుంటుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ మాత్రం అసలు విషయానికే చేయి పెట్టింది. ‘గెట్0’ అంటే చూసుకో, వదిలేయాల్సిన పని లేదు. ‘గెట్1’ అంటే లెక్క పెరిగింది, నువ్వే వదిలేయాలి. అంకె లేని పాత పేర్లు కొన్ని అటూ కొన్ని ఇటూ నడిచేవి. 2021లో వచ్చిన 3.0 రూపంలో అవతలి పక్షం సర్టిఫికెట్ ఇచ్చే పాత ఫంక్షన్‌కు ‘గెట్1’ పేరు పెట్టి, పక్కన ‘గెట్0’ రూపం కూడా చేర్చారు. చూడ్డానికి అందంగా లేవు. పనికొచ్చే పేర్లు అవి.

అబద్ధం చెప్పే పేరు ఎంతకాలం బాధపెడుతుందో చూడాలంటే ‘స్టర్‌ఎన్‌కాపీ’ దగ్గరికి రావాలి. ‘స్టర్‌కాపీ’ అడ్డూ అదుపూ లేకుండా కాపీ చేస్తుంది, మధ్యలో ‘ఎన్’ ఉన్నది హద్దు తెలిసినదని పేరు చూసి అందరూ నమ్మారు. నిజానికి దాని పుట్టుక వేరు. తొలి యూనిక్స్‌లో డైరెక్టరీలో ఫైలు పేరుకు 14 బైట్ల గడి ఉండేది. పేరు చిన్నదైతే మిగతా గడిని సున్నలతో నింపాలి, సరిగ్గా 14 అయితే చివర సున్నకు చోటే ఉండదు. ‘స్టర్‌ఎన్‌కాపీ’ చేసేది సరిగ్గా అదే. దాన్ని మామూలు స్ట్రింగులకు వాడితే, మూలం పొడుగైనప్పుడు ముగింపు సున్న పడదు, చదివేవాడు గడి దాటి పక్క మెమరీలోకి చదువుతూ పోతాడు. 1998లో ఓపెన్‌బీఎస్‌డీ వాళ్ళు ‘స్టర్‌ఎల్‌కాపీ’ తెచ్చారు. ముగింపు సున్న తప్పక పడుతుంది కానీ, మూలం మొత్తం పొడవును తిరిగి ఇవ్వాలి కాబట్టి మూలాన్ని చివరిదాకా చదివి తీరుతుంది. మూలానికే ముగింపు లేకపోతే మళ్ళీ ప్రమాదం. 2015లో లైనక్స్‌లోకి ‘స్టర్‌ఎస్‌కాపీ’ వచ్చింది: హద్దు దాటి చదవదు, పట్టకపోతే మైనస్ ఎర్రర్ ఇస్తుంది. 2024లో 6.8 రూపం నుంచి ‘స్టర్‌ఎల్‌కాపీ’ని తీసేశారు.

‘స్టర్‌ఎన్‌కాపీ’ని ఏరేయడం అంత తేలిక కాలేదు. ప్రతి పిలుపు దగ్గరా ఆగి, రాసినవాడి మనసులో ఏముందో ఊహించాలి. ముగింపు ఉన్న స్ట్రింగా? సున్నలతో నింపిన స్ట్రింగా? ముగింపు లేని గడా? మూడింటికీ ఇప్పుడు విడివిడి పేర్లున్నాయి: ‘స్టర్‌ఎస్‌కాపీ’, ‘స్టర్‌ఎస్‌కాపీ_ప్యాడ్’, ‘స్టర్‌టుమెమ్’. ఒకే పేరు కింద మూడు ఉద్దేశాలు దాక్కుంటే యంత్రం విడదీయలేదు. మనుషులు కూర్చుని ఒక్కొక్కటీ చదవాలి.

యంత్రం చేయగల పేరు మార్పులూ ఉన్నాయి. టైమర్లను రద్దుచేసే ‘డెల్_టైమర్’ పేరులో క్రియ ముందు, ఇంటిపేరు వెనక. తర్వాత వచ్చిన టైమర్ ఫంక్షన్లు చాలా వరకు ‘టైమర్_’తో మొదలవడంతో ఇది వాటి వరసలో ఇమడలేదు. థామస్ గ్లైక్స్‌నర్ పూనుకుని 2025లో కెర్నెల్ మొత్తం మీద దాన్ని ‘టైమర్_డిలీట్’గా మార్చేశారు. ఇలాంటి పనికి వాడే పరికరం కాక్సినెల్. ఫ్రాన్స్‌లో జూలియా లాల్ బృందం పెంచింది. అక్షరాలను వెతికి మార్చడం కాకుండా సి కోడ్ నిర్మాణాన్ని అర్థం చేసుకుని మారుస్తుంది. కెర్నెల్ లోపలి ఫంక్షన్ల పేర్లు, రూపాలు ఎప్పుడైనా మారవచ్చన్నది అక్కడి ప్రకటిత విధానం. బయట డ్రైవర్లు రాసుకునే కంపెనీలు ఏళ్ళుగా దీని మీద గొణుగుతూనే ఉన్నాయి. ఈ వక్త మాత్రం మెయింటెయినర్ల పక్షమే. పేరు ఒప్పందమైతే, తప్పు ఒప్పందాన్ని సవరించే హక్కు కూడా ఉండాలి.

ఆ హక్కు సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. యూజర్ ప్రోగ్రాంలు పిలిచే కాల్‌ను కదిలిస్తే ఎక్కడో ఒక ప్రోగ్రాం విరుగుతుంది. అది కెర్నెల్‌లో ఎవరూ ఒప్పుకోరు. ‘క్రియేట్’కు ఇవాళ్టికీ ‘ఈ’ చేరకపోవడానికి కారణం ఇదే. లోపల కూడా కొన్ని పేర్లు వాటి కారణం పోయాక మిగిలిపోయాయి. ఒకప్పుడు డ్రైవర్ ‘ఐఆక్టిల్’ ఫంక్షన్ కెర్నెల్ అంతటికీ ఒక్కటే అయిన పెద్ద తాళం కింద నడిచేది. ఆ తాళం అక్కరలేని డ్రైవర్ల కోసం 2005లో 2.6.11 రూపంతో ‘అన్‌లాక్డ్_ఐఆక్టిల్’ వచ్చింది. 2010లో పాత ‘ఐఆక్టిల్’ గడిని తీసేశారు. 2011లో 2.6.39తో పెద్ద తాళమే పోయింది. ఇవాళ డ్రైవర్ రాసే కుర్రవాడు ఏ తాళం లేకుండా అన్న పేరున్న గడిని నింపుతాడు. ఆ తాళం పోయేనాటికి వాడు బడిలో ఉండి ఉంటాడు.

అర్థం విడిపోయినప్పుడు పేరును చీల్చిన సందర్భం ఒకటి. యూజర్ పేజీలను పట్టుకునే ‘గెట్_యూజర్_పేజెస్’ను రెండు రకాలవాళ్ళు వాడేవారు: పేజీ వివరాలు చూసుకునేవాళ్ళు, అందులోని డేటాను హార్డ్‌వేర్ చేత రాయించేవాళ్ళు. ఫైలు వ్యవస్థకు ఈ రెండో రకంతోనే పేచీ. లెక్క చూస్తే ఎవరు ఏ రకమో తెలియదు. 2020లో 5.6 రూపంలో రెండో రకానికి ‘పిన్_యూజర్_పేజెస్’ అన్న కొత్త పేరు, దానికి జతగా ‘అన్‌పిన్’ వచ్చాయి. అదే ఏడాది 5.8 రూపం నాటికి కోడింగ్ స్టైల్ పత్రం మాస్టర్, స్లేవ్, బ్లాక్‌లిస్ట్ మాటలు కొత్త కోడ్‌లో వద్దని చేర్చింది. పాత బయటి ఇంటర్‌ఫేస్‌లకు మినహాయింపు ఇచ్చింది. సరిహద్దు నియమం అక్కడా తప్పలేదు.

ఆస్ట్రేలియా కెర్నెల్ ప్రోగ్రామర్ రస్టీ రస్సెల్ 2008లో ఇంటర్‌ఫేస్‌లను తూచడానికి ఒక కొలమానం రాశారు. తప్పుగా వాడడం అసాధ్యమైతే 10. కంపైలర్ ఒప్పుకోకపోతే 9, హెచ్చరిస్తే 8. పేరు చూస్తేనే వాడే తీరు తెలిస్తే 6. పత్రాలు చదివితే తప్ప తెలియకపోతే 3. ఇంతసేపు ఈ ఉపన్యాసంలో సాగిన కథంతా ఆ ఆరో మెట్టు మీది కథే. రిచీ భాషలో అంతకన్నా పైకి ఎక్కడం కష్టం.

కష్టమే కానీ ప్రయత్నం ఆగలేదు. ఒక చరరాశి తన పరిధి దాటగానే ఫలానా ఫంక్షన్ పిలవమని చెప్పే సదుపాయం జీసీసీ, క్లాంగ్ కంపైలర్లలో చాలాకాలంగా ఉంది. 2023లో పీటర్ జైల్‌స్ట్రా దాన్ని కెర్నెల్‌లోకి తెచ్చారు. ‘గార్డ్’తో తాళం వేస్తే ఫంక్షన్ ఎటునుంచి ముగిసినా తాళం దానంతటదే తెరుచుకుంటుంది. డివైస్ ట్రీ వాళ్ళకు ఇది వరంలా వచ్చింది. పిల్ల నోడ్లను ఒక్కొక్కటిగా చూసే ‘ఫర్_ఈచ్_చైల్డ్_ఆఫ్_నోడ్’ అన్న లూపు ప్రతి చుట్టులో లెక్కను తానే పెంచి తానే దించుతుంది. మధ్యలో బయటికి దూకితే మాత్రం దించేవాడు ఉండడు, ప్రోగ్రామరే ‘పుట్’ పిలవాలి. 2024లో దానికి చివర ‘_స్కోప్డ్’ చేర్చిన కొత్త రూపం వచ్చింది. ఎక్కడి నుంచి దూకినా ఇక కంపైలరే చూసుకుంటుంది. పాత లూపు కూడా కెర్నెల్‌లోనే ఉంది, చూపుకు రెండూ ఒకలాగే ఉంటాయి, తేడా ఆ చివరి తోకే. పాతదాన్ని కొత్తదానిగా మార్చే ప్యాచ్‌లో, ఇదివరకు బయటికి దూకే ముందు రాసుకున్న ‘ఓఎఫ్_నోడ్_పుట్’ ఎక్కడైనా మిగిలిపోతే లెక్క రెండుసార్లు దిగుతుంది. దాని మీద కంపైలర్ ఇప్పటికీ ఏమీ అనదు.